ఆరు సబ్జెక్టుల్లో ఒకే తప్పు

సమాంతరంగా కలిపిన రెండు నిరోధాలు: ఒకటి 4 ఓంలు, ఇంకోటి 6 ఓంలు. ఫలిత నిరోధం ఎంత? పదో తరగతి ఫిజిక్స్ చదివే ఏ పిల్లలకైనా ఎదురయ్యే లెక్కే ఇది. జవాబు 2.4 ఓంలు. ఒక అమ్మాయి 10 అని రాసిందనుకుందాం. పేపర్ దిద్దే టీచర్‌కి ఆ 10 చూడగానే తట్టేది ఒకటే: శ్రేణికీ సమాంతరానికీ తేడా తెలియక రెండూ కూడేసింది. పక్కన ఎర్ర ఇంకుతో 'ఫార్ములా చూసుకో' అని రాస్తారు. అమ్మాయి ఇంటికెళ్లి ఫార్ములా పదిసార్లు రాసుకుంటుంది. తర్వాతి స్లిప్ టెస్టులో మళ్లీ అదే తప్పు.

చిత్తు లెక్క చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఫార్ములా సరిగ్గానే వేసింది. 1/4 + 1/6 దాకా ఏ తప్పూ లేదు. అక్కడ పైనున్న ఒకటిని అలాగే ఉంచి, కింద 4, 6 కూడి 1/10 అని రాసింది. తిరగేస్తే 10 వచ్చింది. ఇలా హారాలు కూడేస్తే, ఏ అంకెలు తీసుకున్నా, శ్రేణిలో కలిపినప్పుడు వచ్చే జవాబే వస్తుంది. ఆ పోలికే టీచర్‌ని పక్కదారి పట్టించింది.

అదే అమ్మాయి కటకాల లెక్క చూద్దాం. నాభ్యంతరం 20 సెంటీమీటర్లున్న కుంభాకార కటకం, దాని ముందు 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువు. విలువలు వేశాక 1/20 − 1/30 మిగులుతుంది. 1/60 రావాలి, ప్రతిబింబం 60 సెంటీమీటర్ల దూరంలో ఏర్పడాలి. ఆమె హారాల్లోంచి హారాలు తీసేసి మైనస్ 10 అంది. మైనస్ గుర్తు చూసిన టీచర్, సంజ్ఞా సంప్రదాయం (దూరాలకి ప్లస్, మైనస్ గుర్తులు పెట్టే పద్ధతి) రాలేదనుకుంటారు. మ్యాథ్స్‌లో ఒక కుళాయి తొట్టిని 4 గంటల్లో, ఇంకోటి 6 గంటల్లో నింపితే, రెండూ కలిసి 10 గంటల్లో నింపుతాయని రాసింది. అక్కడి టీచర్ 'ఆలోచించదు' అంటారు. బయాలజీలో పొడవు, పొట్టి బఠాణీ మొక్కలు 3:1 నిష్పత్తిలో ఉంటే 400 మొక్కల్లో పొట్టివెన్ని అంటే 400ని 3తో భాగించి 133.3 అని రాసింది. వారసత్వం పాఠం మళ్లీ చదవమన్నారు. సోషల్‌లో జనసాంద్రతకి జనాభాని విస్తీర్ణంతో భాగించాలో, విస్తీర్ణాన్ని జనాభాతో భాగించాలో ప్రతిసారీ తడబాటే.

ప్రోగ్రెస్ కార్డులో ఇవి నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు బలహీనతల్లా కనిపిస్తాయి. నిజానికి ఉన్నది ఒకటే, ఐదారు తరగతుల్లో నేర్చుకోవాల్సిన భిన్నాలు, నిష్పత్తి. ఇంటికొచ్చి ఒక్క విద్యార్థికే అన్ని సబ్జెక్టులూ చెప్పే టీచర్ అసలు విలువ ఇక్కడే ఉంది. ఆ టీచర్ ప్రతి సబ్జెక్టులోనూ స్కూల్ టీచర్‌ని మించిన పండితుడు కానక్కర్లేదు, సాధారణంగా కాడు కూడా. కానీ ఒకే పిల్లవి అన్ని నోట్సులూ, అన్ని పేపర్లూ ఒకే బల్ల మీద చూసే అవకాశం ఆయనకే ఉంది. ఫిజిక్స్ టీచర్‌కి సోషల్ పేపర్ కనపడదు. బయాలజీ మేడంకి మ్యాథ్స్ చిత్తు పేజీ కనపడదు.

ఇందులో స్కూల్ టీచర్లను తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. నలభై మంది ఉన్న తరగతిలో పీరియడ్ నలభై ఐదు నిమిషాలైతే, ఒక్కొక్కరికి నిమిషం పైన కొన్ని సెకన్లు దక్కుతాయి. అందులోనే పాఠం చెప్పాలి, హాజరు తీసుకోవాలి, నోట్సు చూడాలి. చిత్తు పేజీలో 1/4, 1/6 దగ్గర ఏం జరిగిందో వెతికే తీరిక ఎక్కడిది? దీనికితోడు 2025–26లో పదో తరగతి చదివిన పిల్లలు, 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు నాలుగో తరగతిలో ఉన్నారు. భిన్నాలు గట్టిగా నేర్చుకోవాల్సిన ఐదో తరగతి చాలామందికి ఫోన్ తెర మీదే గడిచింది, ఫోన్ లేని ఇళ్లలో అదీ లేదు. తర్వాతి తరగతుల్లో చాలామందికి ఎవరూ వెనక్కెళ్లి ఆ పాఠం చెప్పలేదు. పిల్లలు మాత్రం పై తరగతులకి వెళ్తూనే ఉన్నారు.

తప్పు ఎక్కడుందో తెలిశాక దాన్ని సరిచేయడానికి నెలలు పట్టదు. 1/2 + 1/3 ఎంతని అడిగితే ఆ అమ్మాయి 1/5 అంటుంది. 'సగం చపాతీ తిన్నావు, తర్వాత ఇంకో మూడో వంతు తిన్నావు. మొత్తం తిన్నది సగం కన్నా ఎక్కువా, తక్కువా?' ఎక్కువే కదా అంటుంది. 'మరి 1/5 సగం కన్నా ఎక్కువా?' ఇక్కడ ఆగుతుంది. ఆ ఆగడం చాలా విలువైనది, దాన్ని వెంటనే మాటలతో నింపేయకూడదు. తర్వాత గళ్ల కాగితం మీద 12 గళ్ల పట్టీ గీయించాలి. అందులో నాలుగో వంతు అంటే 3 గళ్లు, ఆరో వంతు అంటే 2 గళ్లు. రెండూ కలిపి రంగు వేస్తే 12లో 5. ఈ 12 ఎక్కడిదో, క.సా.గు. ఎందుకు తీస్తారో అప్పుడు ఆమెకే కనపడుతుంది. 5/12 తిరగేస్తే 12/5, అంటే 2.4. ఆరో తరగతి పట్టీ మీంచే పదో తరగతి ఓంల జవాబు వచ్చేసింది.

అక్కడితో ఆపకుండా ఇంకో ప్రశ్న వేయాలి. లెక్క చేయకముందే జవాబు 4 కన్నా తక్కువ రావాలా, ఎక్కువ రావాలా? కరెంటుకి రెండు దారులు తెరిస్తే ప్రవాహం సులువవుతుంది, కాబట్టి నిరోధం 4 కన్నా తక్కువే ఉండాలి. రెండో కుళాయి తిప్పితే తొట్టి 4 గంటల కన్నా ముందే నిండాలి. రెండూ ఒకే ఆలోచన. ఫిజిక్స్‌లోది మ్యాథ్స్‌లోకి, మ్యాథ్స్‌లోది ఫిజిక్స్‌లోకి ఇలా పట్టుకెళ్లగలిగేది రెండూ తనే చెప్పే టీచరే.

ఇంట్లో గొడవ మొదలయ్యేదీ ఇక్కడే. పదో తరగతికి ఫీజు కట్టి పెట్టుకున్న ట్యూషన్‌లో పిల్ల ఆరో తరగతి భిన్నాలు చేస్తుంటే తల్లిదండ్రులకి టెన్షన్ పట్టుకుంటుంది. ఎఫ్ఏ (స్కూల్లో మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) దగ్గర పడుతోంది, సిలబస్ అవ్వలేదు, ఈ సార్ చపాతీల లెక్కలు చేయిస్తున్నారేంటి అని. వాళ్ల ఆదుర్దా న్యాయమైనదే. అందుకే మొదటి వారంలోనే చిత్తు పేజీలు చూపించి, ఏ తప్పు ఎన్ని సబ్జెక్టుల్లో మార్కులు తింటోందో కూర్చోబెట్టి చెప్పాలి. రోజంతా వెనకటి పాఠాలకే పెట్టక్కర్లేదు కూడా. రోజూ పావుగంట దానికి, మిగతాది స్కూల్లో నడుస్తున్న పాఠానికి ఇస్తే సరిపోతుంది. వెనకటి పాఠం ముట్టుకోకుండా సిలబస్ పరిగెత్తించే టీచర్ తల్లిదండ్రులకి నచ్చవచ్చు, పిల్లకి మాత్రం ఏమీ మిగలదు.

లెక్కల తప్పు తర్వాత అన్ని సబ్జెక్టుల్లోనూ దాక్కునే రెండో తప్పు ప్రశ్న చదవడంలో ఉంటుంది. ఇంగ్లీష్ మీడియం పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. 'రిఫ్రాక్షన్ అంటే ఏమిటి' అంటే నిర్వచనం గడగడా అప్పజెపుతారు. 'గ్లాసు నీళ్లలో పెట్టిన పెన్సిల్ వంగినట్టు ఎందుకు కనిపిస్తుంది' అని అడిగితే మళ్లీ అదే నిర్వచనం రాస్తారు. ప్రశ్నలో తెలిసిన మాట ఒకటి దొరికితే చాలు, ఆ మాట కింద బట్టీ పట్టిందంతా కుమ్మరించడం అలవాటైపోయింది. ధమనుల గోడలు ఎందుకు మందంగా ఉంటాయంటే ధమనులకీ సిరలకీ ఉన్న తేడాల పట్టిక వేస్తారు. పట్టికలో 'ధమనుల గోడలు మందం' అన్న వాక్యం ఉంటుంది, కానీ ఎందుకన్నది ఉండదు. గుండె ఎక్కువ పీడనంతో నెట్టిన రక్తాన్ని మోయాలి కాబట్టి అన్న ఒక్క వాక్యం రాస్తే మార్కు పడేది. సోషల్‌లో 'కారణాలు విశ్లేషించండి' అన్నచోట సంవత్సరాలు, పేర్లు వరసపెట్టి రాస్తారు. ఇంగ్లీష్ పేపర్లో పేరాగ్రాఫ్ ఇచ్చి అడిగే ప్రశ్నలకి, ప్రశ్నలోని మాట ఏ వాక్యంలో కనిపిస్తే ఆ వాక్యాన్ని యథాతథంగా దించేస్తారు. నాలుగు చోట్లా జబ్బు ఒకటే.

దీనికి మందు మరో గైడు కొనడం కాదు. జవాబు మొదలుపెట్టేముందు 'ఈ ప్రశ్న ఏం అడుగుతోంది, నీ మాటల్లో తెలుగులో చెప్పు' అని ప్రతి సబ్జెక్టులోనూ అడగాలి. తెలుగులో చెప్పగలిగితే ఇంగ్లీష్‌లో రాయడం మిగతా సగం పని. తెలుగులోనూ చెప్పలేకపోతే రాయడానికి ఏమీ లేదన్నమాటే. ప్రభుత్వ బడుల్లో ఇస్తున్న ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్, ఈ పనికి చాలా బాగుంటాయి. ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లల చేతిలోనూ ఒక సెట్టు ఉంటే మంచిదే. రిఫ్రాక్షన్‌కి తెలుగులో వాడే 'వక్రీభవనం' అన్న మాట కూడా పిల్లలకి పరాయిదే కదా అనేవాళ్లున్నారు. నిజమే. కానీ ఆ పేజీలో మాట చుట్టూ ఉన్న వాక్యాలు పరాయివి కావు, అర్థం అక్కడినుంచి వస్తుంది.

ఒక్కరికే చెబితే ఎంత తేడా వస్తుందన్న దానిపై పరిశోధనలున్నాయి. చికాగోలో పనిచేసిన విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసం అన్నింటికన్నా పేరుపొందింది. విడిగా బోధన అందిన సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటిపోయాడని అందులో రాశారు. ట్యూషన్, కోచింగ్ ప్రకటనల వెనకుండే నమ్మకం ఈ రకమైనదే. ఆ ప్రయోగాల్లో విడిగా చెప్పడం ఒక్కటే జరగలేదు. ఒక పాఠం మీద పట్టు చిక్కిందని పరీక్ష పెట్టి తేల్చుకున్నాకే పిల్లల్ని తర్వాతి పాఠానికి పంపారు. 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు ఎన్నో అధ్యయనాలు కలిపి చూసినప్పుడు లాభం అంత భారీగా తేలలేదు. ఆయన లెక్కన సగటు విద్యార్థి వందమందిలో సుమారు 78 మందిని దాటగలడు. అదీ చిన్న లాభం కాదు. కానీ బ్లూమ్ అంకె చూసి ట్యూషన్ పెట్టించడమే సగం విజయం అనుకుంటే పొరపాటు. పక్కన కూర్చున్నంత మాత్రాన చదువు రాదు, ముందు పాఠం రాకుండా తర్వాతి పాఠానికి వెళ్లనివ్వకపోవడంలో చాలా ఉంది.

టీచర్ ఎంత మాట్లాడాలన్న దానిపైనా మంచి ప్రయోగం ఒకటుంది. పరిశోధకురాలు మిషెలిన్ చీ బృందం 2001లో ప్రచురించింది. ఎనిమిదో తరగతి పిల్లలకి రక్తప్రసరణ వ్యవస్థ పాఠం, చెప్పింది కాలేజీ విద్యార్థులు. ఒక విడతలో వాళ్లను మామూలుగా వివరించి చెప్పనిచ్చారు. ఇంకో విడతలో వివరణ ఇవ్వొద్దని, 'దీని అర్థమేంటి', 'తర్వాత ఏమవుతుంది' లాంటి ప్రశ్నలతో పిల్లల చేతే చెప్పించమని కట్టడి చేశారు. వివరణ లేని విడతలోనూ పిల్లలు అంతే నేర్చుకున్నారు. హోం ట్యూషన్‌లో గంటంతా టీచర్ గొంతే వినపడుతుంటే ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది. 'అర్థమైందా?' అని అడిగితే 'ఆ, అర్థమైంది సార్' అనే వస్తుంది. మన ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్ల ముఖం మీద అర్థంకాలేదని చెప్పరు. అది మర్యాద. 'ఇప్పుడు నాకు చెప్పు' అంటేనే నిజం బయటపడుతుంది.

ఇంతకన్నా సులువైన గుర్తు ఇంకోటుంది. పెన్ను ఎవరి చేతిలో ఉంది? లెక్క మధ్యలో ఆగిపోగానే టీచర్ ఆ నోట్సు తనవైపు తిప్పుకుని నాలుగు లైన్లలో చేసిచ్చేస్తే, పిల్లకి చాలా తేలిగ్గా అనిపిస్తుంది. హోంవర్క్ అయిపోతుంది, అమ్మానాన్నలకి నిండిన నోట్సు కనిపిస్తుంది. పరీక్ష హాల్లో మాత్రం ఆ చెయ్యి పక్కన ఉండదు. ఆరు సబ్జెక్టుల హోంవర్క్ పూర్తిచేయించడమే ట్యూషన్ పనిగా మారిన ఇళ్లలో జరిగేది ఇదే.

అన్ని సబ్జెక్టులూ ఒకరే చెబుతున్నప్పుడు స్కూల్ టైంటేబుల్‌ని ఇంట్లో మళ్లీ పెట్టడం చాలామంది చేసే పని. సోమవారం మ్యాథ్స్, మంగళవారం సైన్స్, బుధవారం సోషల్. చూడటానికి పద్ధతిగా ఉంటుంది, కానీ సోమవారం చేసిన లెక్క మళ్లీ సోమవారం దాకా గుర్తురాదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకి నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలు ఇచ్చారు. కొందరికి ఒక రకం అయ్యాక ఇంకో రకం, కొందరికి అన్నీ కలిపి. సాధన రోజున ఒక్కో రకం చేసినవాళ్లు 89 శాతం సరిగా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే ఒక్కో రకం చేసినవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు. స్తూపం, శంకువు, అర్ధగోళం లెక్కలు ఒకే అభ్యాసంలో బాగా చేసి, ప్రీఫైనల్లో ఏది ఏదో తేల్చుకోలేక తలపట్టుకునే పదో తరగతి పిల్లల కథా ఇంతే. ఏ ఫార్ములా వాడాలో వెతుక్కునే పని అభ్యాసం పేరే చేసిపెడుతుంది, పరీక్షలో ఆ సాయం ఉండదు.

కాబట్టి గంటన్నర ట్యూషన్‌ని ముక్కలు చేయడం మేలు. మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి, నిన్నటివీ పోయిన వారానివీ ఐదారు ప్రశ్నలు అన్ని సబ్జెక్టుల్లోంచీ కలిపి రాయించాలి. మళ్లీ చదవడం కన్నా గుర్తుచేసుకుని రాయడమే నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించారు. ఒక భాగాన్ని రెండోసారి చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం గడిచాక, చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం గుర్తున్నాయి. రాత్రి పదకొండింటి దాకా సోషల్ నోట్సు నాలుగోసారి చదువుతున్న పిల్లని చూసి ఇంట్లోవాళ్లు ముచ్చటపడతారు. ఆ పిల్ల కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, పుస్తకం మూస్తే ఏం మిగిలిందో ఎవరూ అడగరు.

ఒకరే అన్నీ చెప్పడానికి హద్దూ ఉంది. సైన్స్ చదివిన టీచర్ తెలుగు పద్యాలకి ప్రతిపదార్థం చెప్పబోయి గైడు చూసి అప్పజెపితే, పిల్లకి పద్యం మీదే విసుగు పుడుతుంది. హిందీ చాలామందికి అంతే. రానిది రాదని చెప్పి, వారానికి ఒక్క గంట ఆ భాష వచ్చినవాళ్ల దగ్గరికి పంపమనడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంటర్‌కి వెళ్లాక ఎంపీసీ, బైపీసీలో ఒక్కరే అన్నీ చెప్పడం ఇంకా కష్టం. అప్పటికి పిల్లలకి ఒక్కో సబ్జెక్టు లోతు కావాలి. అన్ని సబ్జెక్టుల ట్యూషన్ అసలు అక్కరకొచ్చేది ఎనిమిది నుంచి పదో తరగతి దాకానే.

ఇదంతా డబ్బుతో కూడిన వ్యవహారం. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2025లో విడుదల చేసిన విద్యా సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ఆ విద్యాసంవత్సరంలో ట్యూషనో కోచింగో తీసుకున్నారు. పట్టణాల్లో 30.7 శాతం, గ్రామాల్లో 25.5 శాతం. ఇంటికొచ్చి ఒక్కరికే చెప్పే టీచర్‌ని పెట్టుకోగలిగేవాళ్లు వీళ్లలో కొందరే. స్కూల్ టీచర్లు సాయంత్రాలు ప్రైవేటుగా చెప్పడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ నిషేధించింది. తన క్లాసు పిల్లలకే డబ్బు తీసుకుని ఇంట్లో చెబితే క్లాసులో చెప్పేది తగ్గిపోతుందన్న భయం సరైనదే.

కానీ ఆరు పేపర్లు ఒకే బల్ల మీద పెట్టి చూడటానికి ట్యూషన్ టీచరే కావాలని లేదు. ఎఫ్ఏ అయ్యాక క్లాస్ టీచర్, బాగా వెనకబడిన ఐదుగురి పేపర్లు మాత్రం అన్ని సబ్జెక్టులవీ తెప్పించుకుని స్టాఫ్ రూంలో ఒక అరగంట పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మార్కులు ఎలాగూ రిజిస్టర్లో ఉంటాయి, చూడాల్సింది చిత్తు లెక్కలూ కొట్టివేతలూ. ఇంట్లో డిగ్రీ చదివే అక్కో అన్నో ఉంటే వాళ్లూ ఇదే చేయగలరు, సంతకం కోసం ఇంటికొచ్చిన పేపర్లతో. ఒకే రకం తప్పు ఎక్కడ కనపడ్డా ఒకే రంగు పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. భిన్నాల తప్పుకి నీలం, ప్రశ్న సరిగా చదవకపోతే ఆకుపచ్చ, నిజంగా పాఠమే రాకపోతే ఎరుపు. 10 ఓంల దగ్గర, మైనస్ 10 సెంటీమీటర్ల దగ్గర, పది గంటల తొట్టి దగ్గర, 133.3 బఠాణీ మొక్కల దగ్గర ఆ అమ్మాయి పేపర్ల మీద పడేవి నీలం సున్నాలే.